నాకు మాత్రమే తెలిసిన విద్య

పోయిన నెల్లో ఓ ఆదివారం. పొద్దున ఏడింటికి ఫోను. ఆదివారం ఏడింటికి ఫోనొస్తే సాధారణంగా ప్రొడక్షన్ సర్వరన్నా పడిపోయుండాలి, లేదా బంధువులెవరన్నా పోయుండాలి. ఈసారి రెండూ కాదు. డల్లాస్ నుంచి మా మంచిర్యాల అమ్మాయి.

"అన్నా, నిద్రలేపిన్నా? ఒక మాట అడుగుదామని చేసిన."

ఈ అమ్మాయి నా టీములో ఆరేళ్ళు పనిచేసింది. నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యాడు. మా ఆఫీసులో అందర్నీ పేరు పెట్టి పిలవాలని హెచ్చారోళ్ళు ఎంత మొత్తుకున్నా నన్ను అన్నా అనే పిలుస్తుంది. 2024లో ఎల్-1బి వీసా మీద వెళ్ళింది. వెళ్ళినప్పట్నుంచీ పండక్కో పబ్బానికో మెసేజీలు తప్ప ఫోన్లు లేవు.

"ఇక్కడ క్లయింటు మేనేజరే పని చెప్తుండు అన్నా. లీవు గూడ ఆయన్నే అడగాలె. మనోళ్ళు నెలకొక్కపారి గూడ ఫోన్ చేస్తలేరు. నిన్న మా బిల్డింగుల వేరే ఫ్లోరుకి ఇమ్మిగ్రేషనోళ్ళు వచ్చి పోయిండ్రంట. రేపు నా దగ్గరికొస్తే ఏం చెప్పాలె?"

నిద్ర మొత్తం ఎగిరిపోయింది. ఏం చెప్పాలో నాకు తెలుసు. ఎందుకు తెలుసో చెప్పాలంటే కాస్త వెనక్కెళ్ళాలి. ఈ సోదంతా అందుకే.

2007 ఏప్రిల్. హెచ్-1బి దరఖాస్తులు తీసుకోవడం మొదలెట్టిన తొలిరోజే, అంటే ఏప్రిల్ 2నే, కోటా నిండిపోయిందని ప్రకటించారు. లాటరీ తీశారు. మా బ్యాచిలో సగం మందికి రాలేదు, నాకూ రాలేదు. మా కంపెనీ వాళ్ళు ఏ మాత్రం కంగారు పడలేదు. "నువ్వు ఇక్కడ మూడేళ్ళయింది కదా, ఎల్-1లో పంపిస్తాం" అన్నారు. అప్పటిదాకా అలాంటిదొకటి ఉందని కూడా నాకు సరిగ్గా తెలీదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎల్-1 అనేది 1970లో పుట్టిన వీసా. వేరే దేశంలో ఉన్న తన శాఖ నుంచి ఉద్యోగిని అమెరికాలో ఉన్న తన శాఖకే మార్చుకోవడానికి. అంతకుముందు మూడేళ్ళలో కనీసం ఒక ఏడాదైనా ఆ కంపెనీలోనే బయటి దేశంలో నిరాటంకంగా పనిచేసి ఉండాలి. మేనేజర్లకి ఎల్-1ఎ, ఏడేళ్ళు. "స్పెషలైజ్డ్ నాలెడ్జ్" ఉన్నవాళ్ళకి ఎల్-1బి, ఐదేళ్ళు. కోటా లేదు, లాటరీ లేదు. హెచ్-1లో లాగా ఆ ప్రాంతంలో ఆ పనికిచ్చే జీతానికి తగ్గకూడదన్న నిబంధన కూడా లేదు. కంపెనీలకి ఇది ఎందుకంత ముద్దో ఇంకా వేరే చెప్పాలా?

అందులోనూ బ్లాంకెట్ ఎల్ అని ఒకటుంది. మా రూమ్మేటు దీన్ని దుప్పటి వీసా అనేవాడు. పెద్ద కంపెనీ ఒక్కసారి ఇమ్మిగ్రేషన్ శాఖ దగ్గర మొత్తానికి అనుమతి తెచ్చేసుకుంటుంది. తర్వాత ఒక్కొక్క ఉద్యోగికీ అక్కడ దరఖాస్తు పెట్టక్కర్లేదు. కాయితాలు పట్టుకుని తిన్నగా కాన్సులేటుకి పోవడమే. కిటికీ వెనకున్న ఆఫీసరే మన ప్రత్యేక పరిజ్ఞానం ఏ పాటిదో ఆ నాలుగైదు నిమిషాల్లో తేలుస్తాడు. అనుమానముంటే ఇవ్వడు. అప్పుడు కంపెనీ విడిగా పిటిషను వేసుకోవాల్సిందే.

అప్పటికి హైదరాబాదులో కాన్సులేటు లేదు. అది పైగా ప్యాలెస్‌లో తెరిచింది 2008 అక్టోబరులో. అంచేత మనందరికీ గతి చెన్నైయే. నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రంతా పై బెర్తు మీద కంపెనీ ఇచ్చిన లెటరు బట్టీ పట్టాను. నాలుగు పేజీలు. చదువుతుంటే ఈ మహానుభావుడెవరో ఒకసారి కలవాలనిపించింది. సదరు వ్యక్తికి మా కంపెనీ సొంతంగా తయారుచేసిన ఇన్సూరెన్సు బిల్లింగు ఫ్రేమ్‌వర్కులో అసాధారణ ప్రావీణ్యం ఉందిట. అతను లేకపోతే అమెరికా శాఖ పనులు కుంటుపడతాయిట. ఆ ఫ్రేమ్‌వర్కు మీద నేను రాసింది చెప్పాలంటే రెండు రిపోర్టులూ, కొన్ని బగ్ ఫిక్సులూను.

జెమినీ ఫ్లైఓవర్ పక్కన పొద్దున్నే లైను. నా ముందు వరసలో ముగ్గురు తెలుగువాళ్ళే, ముగ్గురి చేతుల్లోనూ నాలుగు పేజీల లెటర్లే. కిటికీలో ఆవిడ అడిగింది ఒక్కటే ముఖ్యమైన ప్రశ్న: మీకు తెలిసినది అమెరికాలో ఇంకెవరికైనా నేర్పాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? లెటర్లో పద్దెనిమిది నెలలని ఉంది. పద్దెనిమిది నెలలు అన్నాను. ఎదర నిలబడ్డ నాకు మాత్రం తెలుసు, మూడు వారాలు చాలు అని. పాస్‌పోర్టు తీసి పక్కన పెట్టుకుంది. బయటికొచ్చి ఇడ్లీ తింటుంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి. సంతోషంతో అనుకున్నాను అప్పట్లో.

జూన్‌లో కనెక్టికట్‌లో దిగాను. కాయితాల్లో రాసినదేమో మా కంపెనీ ఆఫీసు చిరునామా. నేను ఐదేళ్ళలో ఆ ఆఫీసుకి వెళ్ళింది మూడుసార్లు. ఒకటి ఐడీ కార్డుకి, ఒకటి దీపావళి పార్టీకి, ఒకటి వెళ్ళిపోయేటప్పుడు లాప్‌టాప్ ఇచ్చేయడానికి. రోజూ కూర్చునేది క్లయింటు బిల్డింగులో. పని చెప్పేది క్లయింటు మేనేజరు. టైమ్‌షీటు మీద సంతకం ఆయనదే. ఆయన టీములో ఒకణ్ణి, అంతే.

ఇక్కడే అసలు తిరకాసు. 2003 ప్రాంతంలో అమెరికాలో దీని మీద పెద్ద గొడవ జరిగింది. ఫ్లోరిడాలో ఉద్యోగాలు పోతున్నవాళ్ళ చేతే, వాళ్ళ స్థానంలోకి వచ్చినవాళ్ళకి పని నేర్పించారన్న సంగతి పేపర్లకెక్కింది, అమెరికన్ కాంగ్రెస్ దాకా వెళ్ళింది. 2004 డిసెంబరులో ఎల్-1 సంస్కరణ చట్టం వచ్చింది, 2005 జూన్ 6 నుంచి అమలు. దాని సారాంశం ఇదీ: ఎల్-1బి మనిషి ప్రధానంగా వేరే కంపెనీ ఆవరణలో కూర్చుని, ఆ కంపెనీ అజమాయిషీలో పనిచేస్తే కుదరదు. కేవలం మనుషుల్ని అద్దెకిచ్చినట్టు ఉన్నా కుదరదు. క్లయింటు దగ్గర కూర్చోవడమే తప్పని కాదు. మన కంపెనీ సొంత సరుకుకి సంబంధించిన పనిమీద, మన కంపెనీ మేనేజరు చెప్పినట్టు చేస్తుంటే ఫరవాలేదు. నాది ఆ రెండూ కాదు. నేను దిగేటప్పటికి ఆ చట్టానికి రెండేళ్ళు నిండాయి. నాకు తెలిసింది మాత్రం దిగిన ఏడాదికి. తెలిశాక ఏం చేశాను? ఏమీ చెయ్యలేదు. జీతం పడుతోంది, మా ఆవిడ కూడా వచ్చేసింది. నోరు మూసుకుని పని చేసుకున్నాను.

నా పక్క సీటులో ఒక పెద్దాయన ఉండేవాడు. అరవై దాటాయి. ఆ బిల్లింగు సిస్టమ్‌తో ఆయనకి ఇరవై ఏళ్ళ పైన సావాసం. ప్రతీ నెలాఖరు బ్యాచి జాబు ఎక్కడ ఏడుస్తుందో, ఏ రాష్ట్రంలో ప్రీమియం లెక్క ఎందుకు పైసల్లో తేడా వస్తుందో, అన్నీ ఒక పాత నోటు పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నాడు. ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న నేను మొదటి నాలుగు నెలలూ చేసింది ఆయన పక్కన కూర్చుని నేర్చుకోవడమే. విసుక్కోకుండా చెప్పేవాడు. ఎనిమిదో నెలలో ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆ నోటు పుస్తకం నా కీబోర్డు మీద పెట్టి, "నీకు పనికొస్తుంది" అని వెళ్ళిపోయాడు. కోపంగా ఏమన్నా అని ఉంటే నాకు బాగుండేది.

ఆయన్ని తీసింది నా వల్లేనని ఎవరూ అనలేదు. అనక్కర్లేదు కూడా. లెటర్లో ఉన్న ఆ అసాధారణ ప్రావీణ్యం గల మనిషిని నేను ఎక్కడా చూడలేదనుకునేవాణ్ణి. చూశాను. పక్క సీటులోనే.

సరే, ఎల్-1 వల్ల మంచి జరగలేదా అంటే జరిగింది. అబద్ధమెందుకు? ఎల్-2 మీద వచ్చిన భార్యకో భర్తకో పనిచేసే హక్కు 2002 నుంచే ఉంది. హెచ్-4 వాళ్ళు 2015 దాకా ఆగాల్సొచ్చింది, అదీ గ్రీన్‌కార్డు ప్రక్రియలో కొంతదూరం వచ్చినవాళ్ళకే. మా ఆవిడ పర్మిటు తెచ్చుకుని ఒక బ్యాంకులో చేరింది. మా పక్క అపార్టుమెంటులో హెచ్-4 మీద ఉన్న ఎమ్మెస్సీ చదివినావిడ మా ఆవిడ పొద్దున కారెక్కుతుంటే బాల్కనీలోంచి చూసేది. ఆ చూపు గురించి మా ఆవిడ ఇప్పటికీ చెప్తుంది.

మరి చెడు? ఎల్-1 వాడు కంపెనీ మారలేడు. ఇంకో కంపెనీ ఎక్కువిస్తానన్నా, ముందు హెచ్-1 కావాలి. మన జీతం తక్కువని మనకి తెలుసు, మనకి తెలుసని కంపెనీకీ తెలుసు. పోనీ ఐదేళ్ళ తర్వాత? హెచ్-1లో ఉంటే గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తోందని ఆరేళ్ళ తర్వాతా పొడిగించుకోవచ్చు. ఎల్-1లో ఆ వెసులుబాటు లేదు. హెచ్-1కి మారినా ఎల్‌లో గడిపిన కాలమంతా ఆ ఆరేళ్ళ లెక్కలో కలిపేస్తారు. నేను 2011లో హెచ్-1 వెయ్యమని అడిగాను. ఆ ఏడాది కోటా నవంబరు దాకా నిండలేదు, వేస్తే వచ్చేదే. "చూద్దాం" అన్నారు. చూస్తూనే ఉన్నారు. 2012 జూన్‌లో మూడేళ్ళ కొడుకుతో శంషాబాదులో దిగాం. వాడి పాస్‌పోర్టు అమెరికాది, మావి వేరే.

ఇక ఈ ప్రత్యేక పరిజ్ఞానం అనే మాట సంగతి. దీనికి చట్టంలో నిర్వచనం 1990లో రాశారు. కంపెనీ ఉత్పత్తుల గురించీ, అంతర్జాతీయ మార్కెట్లో వాటి వాడకం గురించీ ప్రత్యేకంగా తెలిసుండాలి, లేదా కంపెనీ పద్ధతుల్లో పైస్థాయి జ్ఞానం ఉండాలి. అంతే. 2006లో అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ తనిఖీ విభాగమే ఒక నివేదికలో, ఈ నిర్వచనం ఎంత వదులుగా ఉందంటే దాదాపు అన్ని దరఖాస్తులూ ఒప్పుకోవడం తప్ప తమకి దారి లేదని అధికారులే అనుకుంటున్నారు అని రాసింది. ఆ ఏడాది ఎల్-1బి పిటిషన్లలో తిరస్కరించినవి 6 శాతం. 2014కి వచ్చేసరికి 35 శాతం. బ్లాంకెట్ కాకుండా విడిగా వేసిన పిటిషన్లివి. 2012-14 మధ్య మనవాళ్ళవైతే 56 శాతం కొట్టేశారని, మిగతా దేశాలవాళ్ళకి కలిపి అది 13 శాతమేనని అక్కడి ఒక సంస్థ లెక్కగట్టింది. ఈ ఎనిమిదేళ్ళలో నిర్వచనంలో మారిన అక్షరాలెన్ని? సున్నా. కిటికీ అదే, లెటరు అదే. చూసే కళ్ళు మారాయి, అంతే.

ఇందులో కంపెనీల పుణ్యం లేదా? మాలాంటి వాళ్ళం ఎన్ని వేల నాలుగు పేజీల లెటర్లు ఆ కిటికీల్లోంచి తోశామో. తోడేలొచ్చిందని ఊరికే అరిచిన పిల్లాడి కథ మనందరికీ తెలిసిందే కదా. నిజంగా విద్య ఉన్నవాడు వచ్చేసరికి నమ్మేవాడు లేడు.

ఇక్కడ నాకు ఇష్టమైన కేసొకటి చెప్పాలి. ఫోగో డి చావ్ అని బ్రెజిల్ నుంచి వచ్చిన మాంసం హోటళ్ళ సంస్థ. తమ వంటవాళ్ళని ఎల్-1బి మీద తెచ్చుకునేది. వాళ్ళు దక్షిణ బ్రెజిల్‌లో పశువుల కాపర్ల మధ్య పెరిగి, నిప్పుల మీద మాంసం కాల్చడం చిన్నప్పట్నుంచీ చూసి నేర్చుకున్నవాళ్ళు. ఒకాయనకి వీసా ఇవ్వలేదు, సంస్కృతి వల్ల వచ్చింది ప్రత్యేక పరిజ్ఞానం కాదు పొమ్మన్నారు. 2014 అక్టోబరులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, అలా గంపగుత్తగా తోసెయ్యడం కుదరదు, మళ్ళీ చూడండి అంది. తీర్పు ఇద్దరు ఇటు, ఒకరు అటు. ఆ అటు ఉన్నాయనే తర్వాత సుప్రీంకోర్టుకెళ్ళిన కావనా. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. ఆ వంటాయన తనకి నిజంగా వచ్చిన పని కోసం కోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది. నేను రెండు రిపోర్టులు రాసి నాలుగు నిమిషాల్లో బయటపడ్డాను.

2015 ఆగస్టు 31 నుంచి ఇమ్మిగ్రేషన్ శాఖ కొత్త మార్గదర్శకాలు అమల్లో పెట్టింది. ఆ పని ఇంకొకరికి నేర్పడానికి ఎంత ఖర్చూ కాలమూ పడుతుంది, ఆ జ్ఞానం ఆ కంపెనీలో పనిచేస్తేనే వస్తుందా, ఇలాంటివి చూడమంది. ప్రపంచంలో ఒక్కడికే తెలిసుండక్కర్లేదనీ చెప్పింది. నిజాయితీగా రాసేవాడికి ఇది చాలు.

ఇప్పుడు మంచిర్యాల అమ్మాయి దగ్గరికి వద్దాం. ఈ అమ్మాయికి నిజంగానే విద్య ఉంది. మా రీకన్సిలియేషన్ ఇంజన్‌లో మూడు మాడ్యూళ్ళు తనే రాసింది. అర్ధరాత్రి జాబు పడిపోతే లాగ్ తెరవకముందే ఎక్కడుందో చెప్పేది. ఆ పని ఇంకొకరికి నేర్పడానికి నేను ప్రయత్నించాను కాబట్టి తెలుసు, పద్నాలుగు నెలలు పట్టింది. అంచేత లెటర్ నన్ను రాయమన్నప్పుడు సంతోషంగా రాశాను. రెండు పేజీలు. ఒక్క విశేషణం లేదు. ఏం రాసిందో, ఏం కట్టిందో, ఎన్నాళ్ళు పడుతుందో.

ఇమ్మిగ్రేషన్ టీమ్ దాన్ని తిప్పి పంపింది. పరిజ్ఞానం భాగం ఫరవాలేదుట. పని చేసే చోటు దగ్గర మాత్రం "మా డల్లాస్ ఆఫీసు, మా మేనేజరు పర్యవేక్షణ" అని చేర్చి సంతకం పెట్టమన్నారు. తను కూర్చోబోయేది క్లయింటు బిల్డింగులో అని ప్రాజెక్టు ప్లానులో నేనే చూశాను. ప్రధానంగా వేరే చోట కూర్చుంటారా అని ఫారంలోనే ప్రశ్న ఉంది కదా, నిజం రాసి, మన లీడునొకణ్ణి అక్కడ పెడదాం, అప్పుడు చట్టానికీ సరిపోతుంది అన్నాను. "లీడుకి బడ్జెట్ లేదు. అందరికీ ఇలాగే వెళ్తున్నాయి" అన్నారు. నేను పెట్టను అన్నాను. డెలివరీ హెడ్డు పెట్టేశాడు. పదిహేను నిమిషాల పని.

ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను, సంతకం పెట్టలేదని. "అయితే ఆ పిల్లకి చెప్పావా?" అంది.

చెప్పలేదు. చెప్తే ఏమనుకుంటుందో అని. తను వెళ్ళొచ్చి, ఇప్పుడు నన్ను ఆపుతున్నాడనుకుంటుందేమోనని. ఇల్లు కట్టడానికి వాళ్ళ నాన్న చేసిన అప్పు సంగతి నాకు తెలుసు. చెల్లెలి చదువు సంగతీ తెలుసు. అన్నీ తెలిసి, విమానం ఎక్కే ముందు ఒక్క ముక్క చెప్పాల్సినవాణ్ణి, ఆల్ ది బెస్ట్ చెప్పి కేకు కోయించాను. సంతకం పెట్టకపోవడం వల్ల నాకు పోయిందేమీ లేదు. తనకి ఒరిగిందీ ఏమీ లేదు.

అందుకే ఆ ఆదివారం ఫోన్లో మూడు మాటలు చెప్పాను. ఒకటి, ఎవరొచ్చి అడిగినా ఉన్నది ఉన్నట్టే చెప్పు, తెలియకపోతే తెలియదను. ఆఫీసర్ల దగ్గర అబద్ధం నీ పేరు మీద ఉండిపోతుంది, కంపెనీ పేరు మీద కాదు. రెండు, మన మేనేజరుకి ఇవ్వాళే మెయిల్ రాయి, నా పని మీరే అప్పగించాలి, నా లీవు మీరే చూడాలి, ఎలాగో చెప్పండి అని. దాని కాపీ నీ దగ్గర ఉంచుకో. మూడు, నీ డబ్బులతో నీ లాయర్ని ఒకసారి కలు. కంపెనీ లాయరు కంపెనీకి లాయరు.

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అంది.

"మీరు ఐదేండ్లు ఇట్లనే ఉన్నరు గదన్నా?"

"ఉన్నానమ్మా. తప్పు చేశాను. నువ్వెళ్ళే ముందు చెప్పకపోవడం ఇంకో తప్పు."

"చెప్తే నేను ఆగేదాన్ని గాదేమో" అని నవ్వింది. ఆ నవ్వు నన్ను ఓదార్చడానికే అని తెలుస్తూనే ఉంది.

మెయిల్ రాసింది. నాకు చూపించింది, బాగా రాసింది. మేనేజరు నుంచి వారం తర్వాత ఒక్క లైను జవాబొచ్చింది, మాట్లాడుకుందాం అని. ఇంకా మాట్లాడుకోలేదు. లాయర్ని మాత్రం వచ్చే శనివారం కలుస్తోంది.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు కదా. అది ఎల్-1కి పెట్టలేదు. ఆ వార్త వచ్చిన మర్నాడే మా ఇమ్మిగ్రేషన్ టీమ్ నుంచి మెయిలొచ్చింది, మీ టీముల్లో ఏడాది దాటినవాళ్ళ జాబితా పంపండి అని. నా దగ్గర పదకొండు మంది ఉన్నారు. జాబితా పంపే ముందు పదకొండు మందినీ విడివిడిగా పిలిచి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఎక్కడ కూర్చోవాలో, ఎవరు పని చెప్పాలో, ఐదేళ్ళ తర్వాత ఏమవుతుందో. తొమ్మిది మంది పేరు పెట్టమన్నారు. ఇద్దరు ఆలోచించుకుంటామన్నారు.

ఆ నోటు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ సిస్టమ్‌ని ఎప్పుడో తీసేశారు, అందులో రాసినవి ఇప్పుడు ఎవరికీ పనికిరావు. పారెయ్యబుద్ధి కాదు.